ఎండకు ఓర్చే వార్నీషు: ఓడ స్తంభం నేర్పిన పాఠం

తెరచాప ఓడకు స్తంభం ప్రాణం వంటిది. గాలి తోపు అంతా చాపల మీద పడి, చాపల నుండి స్తంభానికి చేరుతుంది. నడి సముద్రంలో అది విరిగితే ఓడ గతి ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అందువలన అనుభవం గల నావికులు స్తంభాన్ని క్రిందినుండి పైవరకు కంటితో పరీక్షిస్తూ ఉండేవారు. సన్నని చీలిక కనబడినా, నీరు చొచ్చిన చోట నల్లని మచ్చ కనబడినా వెంటనే జాగ్రత్త పడేవారు.

ఓడ ప్రక్కలకు తారు పూయవచ్చును, రంగు వేయవచ్చును. స్తంభాలకు సైతం రంగు వేసిన ఓడలు లేకపోలేదు. కాని దళసరి రంగు వేస్తే చీలిక ఆ మాటున దాగిపోతుంది. ఇప్పటికీ చెక్క నిచ్చెనలకు లోపాలను కప్పివేసే రంగులు వేయరాదని అనేక దేశాల భద్రతా నియమాలు చెప్పటానికి కారణం ఇదే.

కొయ్యను కాపాడవలెను, అయితే కొయ్య కనబడుతూనే ఉండవలెను. ఎండ, వాన, ఉప్పునీరు తగిలినా నిలువవలెను. ఈ మూడు కోరికలను ఒకేసారి తీర్చే పూత కోసం జరిగిన ప్రయత్నమే ఓడ వార్నీషు చరిత్ర. స్తంభాలకు, చాపలను పట్టి ఉంచే అడ్డకొయ్యలకు ఇంగ్లీషులో స్పార్‌ అని పేరు. ఆ పేరుతోనే ఈ పూతకు స్పార్‌ వార్నీషు అన్న పేరు వచ్చినది. గట్టిదనమే బలమని మొదట తోచినా, ఆరుబయట నిలిచే పూతకు ఓర్పు, సాగే గుణం అంతకంటె ముఖ్యమని ఈ చరిత్ర తెలుపుతుంది.

నూనె, గుగ్గిలం

చెట్టు బెరడుకు గాయం తగిలినప్పుడు ఒక జిగురు కారి గట్టిపడుతుంది. ధూపానికి వాడే గుగ్గిలం ఇటువంటిదే. నీటిలో కరగని ఇట్టి పదార్థాలను శాస్త్రజ్ఞులు రెజిన్లు అంటారు. రెజిన్‌ను అవిసె నూనెలో కాచి కరిగిస్తే వార్నీషు తయారవుతుంది. ఈ పద్ధతి చాల పాతది. 12వ శతాబ్దపు తొలి భాగంలో థియోఫిలస్‌ అనే పేరుతో ఒక క్రైస్తవ సన్యాసి చేతిపనులను గురించి లాటిన్‌ భాషలో వ్రాసిన గ్రంథంలో అవిసె నూనెతో వార్నీషు కాచే విధానం ఉన్నది.

ఇంటి లోపలి కొయ్యకు లక్క చాలును. ఏటికొప్పాక బొమ్మల నిగనిగలు లక్క వలన వచ్చినవే. స్పిరిట్‌లో కరిగించిన లక్కను బల్లలకు, కుర్చీలకు పూయటం కూడ వాడుకలో ఉన్నది. కాని లక్క పొర మీద నీరు నిలిస్తే ఆ చోటు తెల్లబారుతుంది. బయట ఎండవానలలో ఉండే పడవకు అది పనికిరాదు.

మరి అవిసె నూనె ఎట్లా పనికివచ్చినది? తడిగుడ్డ ఎండటం, అవిసె నూనె ఎండటం మాటలో ఒకటే గాని పనిలో వేరు. తడిగుడ్డ ఎండితే నీరు ఆవిరై గుడ్డ బరువు తగ్గుతుంది. పలుచగా పూసిన అవిసె నూనె ఎండేటప్పుడు బరువు పెరుగుతుంది! అది గాలిలోని ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్‌ను, పీల్చుకుంటుంది. 1820 ప్రాంతంలో స్విట్జర్లండు శాస్త్రజ్ఞుడు నికొలాస్‌ తెయొడోర్‌ ద సొస్యూర్‌ అక్రోటు నూనెను గాలిలో ఉంచి, అది పీల్చే వాయువును కొలిచాడు. చాల కాలం నూనె కొద్ది కొద్దిగానే పీల్చి, తరువాత ఒక్కసారిగా విశేషంగా పీల్చుకొని తన ద్రవగుణాన్ని కోల్పోయినది. నూనె అణువులలో జంట బంధాలు ఉన్న చోట్ల ఆమ్లజని చేరి, ఒక అణువును మరొక అణువుతో ముడివేస్తుంది. ముడులు పెరిగిన కొలది ద్రవం వలవలె అల్లుకొని ఘనమైన పొర అవుతుంది.

ఈ చర్యలో వేడి పుడుతుంది. పూత మీద ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. నూనెలో తడిసిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేస్తే వేడి బయటికి పోలేక గుడ్డలు తమంతట తామే అంటుకొనవచ్చును. అందువలన వడ్రంగి కొట్లలో ఇట్టి గుడ్డలను విప్పి ఆరవేయటమో, నీటిలో ముంచి ఉంచటమో అవసరం.

అవిసె నూనె పొర సాగుతుంది గాని మెత్తన. నీటిని కొంత పీల్చుతుంది. రెజిన్‌ పొర గట్టిది, మెరిసేది, కాని పెళుసు. ఒకదాని లోపం మరొకటి తీర్చునట్లు రెండింటిని కలిపారు. ఎంత నూనెకు ఎంత రెజిన్‌ అన్నదే అసలు ప్రశ్న.

గట్టిదనమా, ఓర్పా?

కొయ్య చచ్చిన వస్తువువలె కనబడినా కదలక ఉండదు. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుదించుకుపోతుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండితే వార్షిక వలయాల వెంబడి దాదాపు 6 శాతం, వలయాలకు అడ్డంగా 2.5 శాతం కుదించుకుంటుంది. పొడవున మార్పు బహు స్వల్పం. ఓడ స్తంభాలకు వాడే సిట్కా స్ప్రూస్‌ కొయ్యలో వలయాల వెంబడి కుదింపు 7.5 శాతం వరకు ఉన్నది. ఇంటిలోని బల్లకు ఈ మార్పు నెమ్మదిగా వస్తుంది. సముద్రం మీద ఉదయం మంచుకు తడిసి, మధ్యాహ్నం ఎండకు కాగి, సాయంకాలం తుంపరకు మళ్ళీ తడిసే స్తంభానికి ఇది నిత్యం తప్పదు. కొయ్యతోపాటు సాగలేని పొర చిట్లుతుంది. చిట్లిన చోట నీరు దూరుతుంది.

వార్నీషు కాచేవారు దీనిని అనుభవంతో గ్రహించారు. బల్లలకు, కుర్చీలకు నూనె తక్కువ, రెజిన్‌ ఎక్కువ వేసేవారు. అది రుద్దితే అద్దంలా మెరుస్తుంది. ఓడ కొయ్యకు నూనె పెంచారు. అమెరికా కొలతలలో 100 పౌన్ల రెజిన్‌కు 40 గ్యాలన్లు గాని అంతకు మించి గాని నూనె పడితే అది ఆరుబయటికి తగిన వార్నీషు. మెరుగుపెట్టే గృహోపకరణాల వార్నీషులో అందులో సగం నూనె కూడ ఉండకపోవచ్చును.

కాచటం ప్రమాదకరమైన పని. తృణమణి, తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్‌ కోపల్‌ వంటి శిలాజ రెజిన్లు నేరుగా నూనెలో కరగవు. వాటిని ముందు 300 డిగ్రీల సెంటిగ్రేడు దాపున కరిగించి, పొగ రూపంలో బరువులో నాల్గవ వంతు దాకా పోయిన తరువాతనే వేడినూనె కలిపేవారు. ఆ పిమ్మట పలుచన చేయటానికి టర్పెంటైను పోసేవారు. పాత్ర క్రింద మంట, పైన మండే ఆవిరి! అగ్నిప్రమాదాలు తరచు జరగటంలో ఆశ్చర్యం లేదు.

19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో న్యూజీలండు నుండి కౌరీ గుగ్గిలం విరివిగా వచ్చినది. పూర్వపు కౌరీ అడవులు నశించిన చోట్ల, నేలలో వేల సంవత్సరాలుగా పూడి ఉన్న గడ్డలను ఇనుప చువ్వలతో గ్రుచ్చి చూచి త్రవ్వి తీసేవారు. మావోరీలు, బ్రిటిష్‌ వలసదారులు, ఏడ్రియాటిక్‌ తీరంలోని డల్మేషియా నుండి వచ్చిన కూలీలు ఈ పనిలో బ్రతికారు. 1899లో ఎగుమతి 11 వేల టన్నులు దాటినది. కౌరీ ఇతర శిలాజ రెజిన్ల కంటె సులభంగా నూనెతో కలుస్తుంది. ఇదే దాని ప్రసిద్ధికి కారణం.

ఇక్కడ ఒక విశేషం. తరువాత వచ్చిన వార్నీషుల ఓర్పును కొలవటానికి కౌరీనే కొలబద్దగా వాడారు. పరీక్షించే వార్నీషులో పెళుసైన కౌరీ ద్రావణాన్ని కొలిచి కలిపి, రేకు మీద పూసి, ఎండబెట్టి, సన్నని కడ్డీ చుట్టూ వంచుతారు. ఎంత ఎక్కువ కౌరీ కలిపినా పగుళ్ళు రాకపోతే ఆ వార్నీషుకు అంత సాగే గుణం ఉన్నట్లు. వార్నీషు యోగ్యతను దాని మెరుపుతో గాక వంగే శక్తితో నిర్ణయించటం ఒక పెద్ద మార్పు.

చైనా చెట్టు నూనె

అవిసె నూనె, కోపల్‌ కలిపిన వార్నీషుకు ఒక లోపం మిగిలినది. చాలసేపు నీటిలో నానితే పొర తెల్లబారేది. దీనికి పరిష్కారం చైనా నుండి లభించినది. ఆముదపు కుటుంబానికే చెందిన టంగ్‌ చెట్టు గింజల నూనెను చైనావారు ఎన్నో శతాబ్దాలుగా పడవలకు వాడుతున్నారు. 13వ శతాబ్దం చివర చైనాలో ఉన్న మార్కో పోలో, అక్కడి ఓడల పలకలకు సున్నం, నార, ఒక చెట్టు నూనె కలిపి దంచిన ముద్దను పట్టించేవారని వర్ణించాడు.

టంగ్‌ నూనె అణువులో జంట బంధాలు ఒకటి విడిచి ఒకటిగా దగ్గర దగ్గరగా ఉంటవి. అందువలన అది అవిసె నూనె కంటె త్వరగా, దట్టంగా అల్లుకుంటుంది, నీటిని తట్టుకుంటుంది. అయితే ఊరికే పూసి వదిలితే ముడుతలు పడి మసకబారుతుంది. తగిన వేడిలో కాచి రెజిన్‌తో కలిపితే ఆ దోషం పోతుంది. చవకైన పైన్‌ గుగ్గిలం కూడ టంగ్‌ నూనెతో చేరి మంచి వార్నీషు కాగలిగినది. 1906లో అమెరికాలోని వాలెంటైన్‌ కంపెనీ వాల్‌స్పార్‌ అనే పేరుతో, తడిసినా తెల్లబారని వార్నీషును అమ్మకానికి పెట్టినది. సలసల కాగే నీరు పోసి చూపటం ఆ కంపెనీ ప్రకటనలలో ముఖ్య ఆకర్షణ.

1905లో డేవిడ్‌ ఫెయిర్‌చైల్డ్‌ అనే వృక్షశాస్త్రజ్ఞుడు చైనా నుండి టంగ్‌ గింజలను అమెరికాకు తెప్పించాడు. దక్షిణ రాష్ట్రాలలో తోటలు వెలసినవి. 1969లో వచ్చిన కెమిల్‌ తుపాను మిసిసిపీ తోటలను చాలవరకు నాశనం చేసినది.

రసాయనశాలలో పుట్టిన రెజిన్‌

బెల్జియంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్‌ 1907లో ఫినాల్‌, ఫార్మాల్డిహైడ్‌ అనే రెండు పదార్థాల నుండి బేక్‌లైట్‌ చేశాడు. అది నూనెలో కరగదు. 1910ల నాటికి జర్మనీ రసాయనజ్ఞులు ఈ జాతి రెజిన్లను పైన్‌ గుగ్గిలంతో కలిపి, నూనెలో కరిగేటట్లు చేయగలిగారు. అటు తరువాత ఏ గుగ్గిలం సహాయం లేకనే నూనెలో కరిగే ఫినాల్‌ రెజిన్లు వచ్చినవి. టంగ్‌ నూనె, ఫినాల్‌ రెజిన్‌ కలిపిన వార్నీషు కొద్ది గంటలలోనే ఎండుతుంది. నీటికి, ఉప్పుకు బాగా ఓర్చుతుంది. 1920ల చివర దీనిని నాలుగు గంటల వార్నీషు అని పిలిచేవారు. నేలలో త్రవ్వే గుగ్గిలంతో అవసరం క్రమంగా తగ్గిపోయినది. 1927లో అమెరికాలో రాయ్‌ కీన్లే రూపొందించిన నూనెతో కూడిన ఆల్కిడ్‌ రెజిన్లు కూడ ఈ రంగంలో ప్రవేశించినవి.

ఫినాల్‌ జాతి పదార్థాలు భారత తీరానికి కొత్తవి కావు. జీడిమామిడి గింజ పెంకులోని నూనెలో ఫినాల్‌ వంటి పదార్థాలే ఉన్నవి. చేతికి తగిలితే పొక్కించే ఆ నూనెను కేరళ తీరంలో నాటు పడవల కొయ్యకు పూసేవారు. శ్రీకాకుళం జిల్లా పలాసలోని జీడిపప్పు కర్మాగారాలలో మిగిలే పెంకులు కూడ ఇట్టి నూనెకు ఆధారం. ఐతే ఈ నూనె ముదురు గోధుమ రంగుది. కొయ్య కనబడవలెనన్న కోరికను అది తీర్చదు.

అసలు శత్రువు

నీటిని గెలిచినా ఎండను గెలవలేదు. చక్కని వార్నీషు సైతం రెండు మూడేళ్ళలో రేకులు రేకులుగా లేచిపోయేది. ఊడిన రేకును వెలుతురులో పెట్టి చూస్తే, ఒక్కొక్కప్పుడు అది ఇంకా మెరుస్తూనే ఉండేది. దాని అడుగున సన్నని కొయ్యపొడి అంటుకొని ఉండేది. వార్నీషు చెడకుండానే ఎందుకు ఊడినట్లు?

కొయ్యలో సెల్యులోజ్‌ నారలను పట్టి ఉంచే పదార్థం లిగ్నిన్‌. సూర్యకాంతిలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను లిగ్నిన్‌ బాగా పీల్చుకొని విచ్ఛిన్నమవుతుంది. దళసరి రంగు ఈ కిరణాలను పైననే అడ్డుకుంటుంది. వార్నీషు పారదర్శకం కనుక వాటిని లోపలికి పోనిస్తుంది. గాజు కిటికీ గుండా ఎండ గదిలో పడినట్లు, పొర గుండా ఎండ కొయ్య మీద పడుతుంది. పై వరుస కణాలు పట్టు విడువగానే వార్నీషు పట్టుకోవటానికి ఆధారం ఉండదు. కొయ్యను కనబడనిచ్చే గుణమే కొయ్యకు హాని తెచ్చినది! అమెరికాలో విస్కాన్సిన్‌ రాష్ట్రంలోని మాడిసన్‌లో 1910లో స్థాపించిన అటవీ ఉత్పత్తుల పరిశోధనాలయం కొయ్య పలకలను ఏళ్ళ తరబడి ఎండలో ఉంచి చేసిన పరీక్షలు ఈ విషయాన్ని స్పష్టం చేసినవి. పూతకు ముందు కొయ్యను కొద్ది వారాలు ఎండలో వదిలినా, తరువాత వేసిన పూత పట్టు తగ్గుతుందని కూడ తేలినది.

20వ శతాబ్దపు మధ్యభాగం నుండి అతినీలలోహిత కిరణాలను తామే పీల్చుకొని వేడిగా మార్చివేసే పదార్థాలను వార్నీషులో కలపసాగారు. 1970లలో కాంతి వలన పుట్టే చురుకైన అణుశకలాలను అణచివేసే మరొక జాతి పదార్థాలు వచ్చినవి. ఇవి వార్నీషు ఆయువును పెంచినవి. కాని శాశ్వతం చేయలేదు. కాపలా కాసే ఆ పదార్థం కూడ కాలక్రమాన ఖర్చవుతుంది.

1937లో జర్మనీలో ఓటో బేయర్‌ కనుగొన్న పాలియురిథేన్‌ నుండి చాల గట్టి వార్నీషులు పుట్టినవి. నేలపలకలకు, బల్లలకు అవి శ్రేష్ఠం. పడవ బయటి కొయ్యకు మాత్రం గట్టిదనం ఒక్కటే చాలదు. గట్టి పొర ఒక అతుకు వద్ద పగిలితే, నీరు దాని క్రిందుగా పాకి పెద్ద రేకును లేపుతుంది. ఎండకు పచ్చబడని పాలియురిథేన్లు కూడ తరువాత వచ్చినవి. అవి అంతగా కదలని కొయ్య మీద బాగా నిలుస్తవి. చీలికలు, అతుకులు, వంపులు గల మామూలు కొయ్యకు నూనె ఎక్కువ గల స్పార్‌ వార్నీషే ఇప్పటికీ అనుకూలం. అది చెడిన చోట గరుకు కాగితంతో రుద్ది, ఆ మేరకే తిరిగి పూయవచ్చును.

ఎంపిక, సంరక్షణ

ఈ చరిత్ర తెలిసినవారికి వార్నీషు డబ్బా మీద చూడవలసినది ఏమిటో తెలుస్తుంది. ఆరుబయటికి తగినదని ఉన్నదా, అతినీలలోహిత కిరణాలను అడ్డే పదార్థం ఉన్నదా, టంగ్‌ నూనెయో ఫినాల్‌ లేక ఆల్కిడ్‌ రెజినో ఉన్నదా అని చూడవలెను. ఎంత గట్టిగా ఎండుతుందన్నది తరువాతి మాట.

పూసే పనిలో ప్రతి మెట్టుకూ కారణం ఉన్నది. ఎండకు నెరసిన కొయ్యను గరుకు కాగితంతో నార వెంబడి రుద్ది, క్రొత్త కొయ్య బయటపడేవరకు తీయవలెను. లేనిచో పూత చచ్చిన కణాలకు అంటుకుంటుంది. టేకులో సహజంగా జిడ్డు ఉన్నది కనుక పూసేముందు దానిని తగిన ద్రావణితో తుడువవలెను. మొదటి పూతను పలుచన చేస్తే కొయ్య రంధ్రాలలోనికి ఇంకుతుంది. తరువాతి పూతలు ఒకదాని మీద ఒకటిగా ఆరేడు వేస్తారు. ఒక్కొక్కటి ఎండిన పిదప తేలికగా రుద్దితే రెండవది పట్టుకుంటుంది. ఒకే దళసరి పూత పనికిరాదు; పైన పెచ్చు కట్టి, గాలి తగలక లోపల పచ్చిగా ఉండిపోతుంది. డబ్బాను ఊపితే బుడగలు వస్తవి; మెల్లగా కలపవలెను. మండుటెండలో గాని, మంచు కురిసే సాయంకాలం గాని పూయరాదు.

అన్నింటికంటె ముఖ్యమైనది తరువాతి సంరక్షణ. ఎండ పై పూతను కొద్దికొద్దిగా తినివేస్తుంది. మెరుపు తగ్గటం మొదటి హెచ్చరిక. అప్పుడే తేలికగా రుద్ది ఒకటి రెండు పూతలు వేస్తే క్రింది కొయ్యకు ఎండ సోకదు. పొర పగిలి కొయ్య నల్లబడేదాకా ఆగితే, అంతా గీకివేసి మొదటినుండి ఆరంభించవలసినదే. చలిదేశాలలో శీతకాలమంతా పడవలు కప్పు క్రింద ఉంటవి. అక్కడ ఏటా ఒకటి రెండు పూతలు సరిపోవచ్చును. కాకినాడ, మచిలీపట్నం వంటి చోట్ల సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నడినెత్తికి వస్తాడు. పడవకు ఎండనుండి సెలవు ఉండదు. అటువంటి తీరాలలో ఏటా రెండు మూడుసార్లు తాజా పూత అవసరం. ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది కనుక మంచినీటితో కడుగుతూ ఉండటం, చిన్న గాయాన్ని అదే వారంలో పూడ్చటం కూడ పూతలో భాగమే.

ఈ విషయాలను పాఠశాలలో పరీక్షించి చూడవచ్చును. ఒకే కొయ్య నుండి అయిదు చిన్న పలకలు కోయవలెను. ఒకదానిని ఊరికే వదిలి, రెండవదానికి లక్క, మూడవదానికి అవిసె నూనె, నాల్గవదానికి గృహోపకరణాల వార్నీషు, అయిదవదానికి స్పార్‌ వార్నీషు పూసి, ప్రతిదానిలో సగభాగాన్ని వెలుతురు చొరని రేకుతో కప్పి, పాఠశాల కప్పు మీద ఉంచవలెను. నెలకొకసారి తేదీ వేసి రంగు, మెరుపు, పగుళ్ళు వ్రాసుకోవలెను. సంవత్సరాంతంలో రేకు తీసి రెండు సగాలను ప్రక్కప్రక్కన పోల్చితే, ఎండ చేసిన పని ఎంతో, గాలి తేమలు చేసిన పని ఎంతో విద్యార్థులు తామే చెప్పగలుగుతారు.